5,800 ఆర్‌పీఎమ్ దాటితే మిస్ కొడుతున్న ఎస్టీమ్: ప్లగ్గు నంబరు మార్చే ముందు గ్యాప్ తగ్గించి చూడండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. తప్పు అర్థం చేసుకుంటే సరిదిద్దండి. బండి మారుతీ ఎస్టీమ్, 1.3 లీటర్ల 16 వాల్వుల జీ13బీబీ ఇంజిన్. కంప్రెషన్ పెరగడానికి హెడ్డు 1 మి.మీ. స్కిమ్ చేయించారు (అరగదీయించారు), వాల్వులను తెరిచే క్యామ్ రీగ్రైండ్ చేయించారు, ఎగ్జాస్టుకు 4-2-1 హెడర్ పైపులు వేశారు, ఫ్యూయల్ సెట్టింగుకు పిగ్గీబ్యాక్ (ఇంజిన్ కంప్యూటర్‌కు తోడుగా పెట్టే చిన్న బోర్డు) పెట్టారు. ఐడ్లింగ్ బాగుంది. న్యూట్రల్‌లో రేస్ చేస్తే 6,500 దాకా గంట కొట్టినట్టు పోతోంది. మూడో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం 5,800 దగ్గర టపటపమని మిస్ కొడుతోంది. ఇరిడియం ప్లగ్గులు వేశారు, తగ్గలేదు. స్పార్క్‌కు హై వోల్టేజీ తయారుచేసే కాయిల్ బయట దొరికినది ఒకటి వేశారు, తగ్గలేదు. మెకానిక్ ప్లగ్గు తీసి బాడీకి ఆనించి చూసి "కరెంటు నీలంగా కొడుతోంది, ఇగ్నిషన్ తప్పు కాదు" అన్నారు. ఇప్పుడు 7వ నంబరు ప్లగ్గు వేయాలా, 8వ నంబరు వేయాలా అని అడుగుతున్నారు.

ఆ రెండింటిలో ఏది వేసినా ఈ మిస్ పోదని నా అనుమానం. 7, 8 అనేవి ప్లగ్గు ఎంత వేడిని బయటికి పంపుతుందో చెప్పే నంబర్లు. స్పార్క్ బలం గురించి అవి ఏమీ చెప్పవు. మీ బండికి వచ్చిన రోగమొకటి, మీరు కొనబోతున్న మందొకటి. చివరికి 7 వేసుకోవాల్సి రావచ్చు, అది వేరే కారణానికి. దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందుగా ఆ నీలం స్పార్క్ సంగతి. ప్లగ్గును బయట, మామూలు గాలిలో పెట్టి చూస్తే 1.1 మి.మీ. గ్యాప్ (స్పార్క్ దూకాల్సిన సందు) దూకడానికి నాలుగైదు కిలోవోల్టులు సరిపోతాయి. అదే ప్లగ్గు సిలిండర్ లోపల, ఫుల్ థ్రాటిల్‌లో, పిస్టన్ నొక్కిపెట్టిన మిశ్రమంలో దూకాలంటే దానికి నాలుగైదు రెట్లు కావాలి. గాలి ఎంత చిక్కబడితే స్పార్క్ దూకడం అంత కష్టం. అందుకే బాడీకి ఆనించి చూసే పరీక్ష కాయిల్ పూర్తిగా చచ్చిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. 10 కిలోవోల్టులకే చేతులెత్తేసే కాయిల్ కూడా బయట చక్కగా నీలంగానే కొడుతుంది. మీ మెకానిక్‌ని తప్పుపట్టడం లేదు, ఆటోనగర్లో ఇరవై ఏళ్ళుగా నేనూ అలాగే చూశాను, ఇప్పటికీ స్టార్టే కాని బండికి అలాగే చూస్తాను. ఫుల్ లోడ్ మిస్‌కు మాత్రం అది సాక్ష్యం కాదు. ఇంకో మాట, లీడ్ (కాయిల్ నుంచి ప్లగ్గుకు వెళ్ళే వైరు) ఊడదీసి గాలిలో వదిలేసి ఇంజిన్ తిప్పకండి. దూకడానికి దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలే దారి చేసుకుంటుంది.

న్యూట్రల్‌లో బాగుండి లోడ్ మీద మిస్ అవుతోందన్నారు కదా, మీరు రాసినదాంట్లో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. న్యూట్రల్‌లో 6,500 తిప్పడానికి థ్రాటిల్ కాస్త తెరిస్తే చాలు. సిలిండర్లోకి గాలి కొంచెమే వెళ్తుంది, ప్రెషర్ తక్కువ, స్పార్క్ సులువుగా దూకుతుంది. కాబట్టి వాల్వులు తేలిపోవడం (స్ప్రింగులు చాలక సమయానికి మూసుకోకపోవడం), ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రెవ్ లిమిటర్, క్రాంక్ సెన్సర్ సిగ్నల్ పోవడం లాంటివి దాదాపు పక్కన పెట్టేయొచ్చు. అవి లోడ్‌ను కాదు, ఆర్‌పీఎమ్‌ను చూసి వస్తాయి. వాల్వులు తేలితే న్యూట్రల్‌లోనూ అదే ఆర్‌పీఎమ్ దగ్గర తేలతాయి, పైగా హెడ్డులోంచి రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు శబ్దం వస్తుంది. లిమిటర్ అయితే తాళం వేసినట్టు ఒకే లయలో కట్ అవుతుంది. మీరు చెప్పిన టపటప ఆ బాపతు కాదు.

మిగిలినవి రెండే. కావలసినంత వోల్టేజీ అందడం లేదు, లేదా కావలసినంత పెట్రోల్ అందడం లేదు. సీట్లో కూర్చుని ఈ రెండింటినీ చాలావరకు వేరు చేయొచ్చు. పెట్రోల్ చాలకపోతే బండి మెత్తగా నీరసపడుతుంది, వెనక నుంచి ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు ఉంటుంది. స్పార్క్ తప్పితే స్విచ్ ఆపి వేసినట్టు పదునుగా తెగుతుంది, సైలెన్సర్లో పేలుళ్ళు కూడా వినిపించవచ్చు. ఇంకో పరీక్ష, అదే గేర్లో 6,000 దగ్గర సగం థ్రాటిల్‌తో నిలబెట్టి చూడండి. సగంలో శుభ్రంగా ఉండి పూర్తిగా తొక్కగానే తెగితే వోల్టేజీ మీద అనుమానం బలపడుతుంది. పెట్రోల్ కొరత కూడా ఫుల్ థ్రాటిల్‌లోనే బయటపడుతుంది కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఇవన్నీ డైనో మీదో, అనుమతి ఉన్న ట్రాక్ మీదో చేయండి. మూడో గేర్లో ఆ ఆర్‌పీఎమ్ అంటే వంద దాటిన వేగం, హైవే మీద టాకోమీటర్ చూసుకుంటూ చేసే పని కాదు.

ఇప్పుడు అసలు లెక్క. మారుతీ వాళ్ళు ఈ ఇంజిన్‌ను 4,500 ఆర్‌పీఎమ్ దగ్గర అత్యధిక టార్క్ వచ్చేలా తయారుచేశారు. సిలిండర్ బాగా నిండేది అక్కడే, అంటే స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ అవసరమయ్యేదీ అక్కడే. ఆ తర్వాత ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ నిండడం తగ్గుతుంది, అవసరమూ తగ్గుతుంది. మీరు క్యామ్ మార్చి ఆ నిండే చోటును పైకి జరిపారు. ఇప్పుడు సిలిండర్ 5,500, 6,000 దగ్గర కడుపునిండా మింగుతోంది. దానికి తోడు హెడ్డు స్కిమ్మింగ్. 74 మి.మీ. బోరు, 75.5 మి.మీ. స్ట్రోకు, అంటే ఒక్కో సిలిండర్ దాదాపు 325 సీసీ. మొదట కంప్రెషన్ 9.5 ఉందనుకుంటే పైన మిగిలే జాగా 38 సీసీ. 1 మి.మీ. తీస్తే అందులో మూడు సీసీకి కాస్త ఎక్కువే పోతుంది, కంప్రెషన్ 10.3 దగ్గరికి వస్తుంది. పాత కాయిల్, పాత లీడ్లు, పాత ఎర్తులు ఎన్నడూ చూడని ప్రెషర్‌ను ఇప్పుడు చూస్తున్నాయి. ఇంజిన్ కోరే వోల్టేజీ గీత పైకి లేచింది, ఇగ్నిషన్ ఇవ్వగలిగే వోల్టేజీ గీత వయసుతో కిందికి దిగింది. ఆ రెండూ ఎక్కడ కలుసుకుంటే అక్కడ మిస్ మొదలవుతుంది. మీ బండిలో అది 5,800 అయి ఉంటుంది.

టైమింగ్ గురించి కూడా అడగాలి. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలి ఇంజిన్ టకటకలాడటం) వస్తోందని ఎవరైనా టైమింగ్ వెనక్కి తీశారా? చాలామందికి తట్టని సంగతి ఇది. స్పార్క్‌ను ఆలస్యం చేస్తే పిస్టన్ ఇంకా పైకి వచ్చాక, ప్రెషర్ ఇంకా పెరిగాక ప్లగ్గు వెలగాలి. అంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. నాకింగ్ తగ్గించబోయి మిస్ తెచ్చుకున్నవాళ్ళను చూశాను.

ఇక మీరు వేసిన ఇరిడియం ప్లగ్గులు. పెట్టె మీద నంబర్ చివర "-11" ఉంటే అది 1.1 మి.మీ. గ్యాప్‌తో వచ్చిన ప్లగ్గు అని అర్థం. కంపెనీ స్పెసిఫికేషన్ ఎన్‌జీకే బ్రాండు బీకేఆర్6ఈ-11 కాబట్టి షాపువాళ్ళు అదే గ్యాప్ ఉన్న ఇరిడియం ఇచ్చి ఉంటారు, మీరు పెట్టెలోంచి తీసి నేరుగా బిగించి ఉంటారు. మామూలు ఇంజిన్‌కు అంత గ్యాప్ మంచిదే. స్పార్క్ పొడుగ్గా ఉంటుంది, పల్చటి మిశ్రమం కూడా సులువుగా అంటుకుంటుంది, ఐడ్లింగ్ నున్నగా ఉంటుంది. మీ ఇంజిన్‌కు ఇప్పుడు అది భారం.

కాబట్టి పెద్దగా డబ్బు ఖర్చు కాని పరీక్ష ముందు చేయండి. నేనైతే ఈ పరీక్షకు ఇరిడియం వాడను. మామూలు నికెల్ బీకేఆర్6ఈ సెట్టు కొత్తది ఒకటి తీసుకోండి, గ్యాప్ 0.7 మి.మీ.కు తెచ్చి నాలుగూ వేసి అదే ట్రాక్ లేదా డైనో మీద, అదే గేర్లో, అదే పెట్రోల్‌తో నడపండి. ఇంకేమీ ముట్టుకోవద్దు. మిస్ పూర్తిగా పోయినా, 5,800 నుంచి 6,300కు జరిగినా దొంగ దొరికినట్టే, ఇగ్నిషన్ వోల్టేజీ చాలడం లేదు. 5,800 దగ్గరే అదే టపటప అంటే ఎక్కువగా పెట్రోల్ వైపు, కొన్నిసార్లు బూట్ల (ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగుల) వైపు వెళ్ళాలి. ఆ రెండోది ఎందుకో కింద చెబుతాను.

గ్యాప్ ఎలా తేవాలో కూడా ఒక మాట. నాణెంలా గుండ్రంగా తిరిగే గేజి వద్దు, అది మధ్య ఎలక్ట్రోడ్‌ను నొక్కుతుంది. తీగ గేజి తీసుకోండి. పైన వంగి ఉన్న కొమ్మును మాత్రమే, మెల్లగా, ఏదైనా గట్టి చెక్క మీద తట్టి దించండి. ఎక్కువ దిగితే కొమ్ము కింద చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి ప్లగ్గు అంచు ఆసరాగా పైకి లేపండి. మధ్య పిన్ను ఆసరాగా ఎత్తకండి. ఇరిడియంలో ఆ పిన్ను 0.6 మి.మీ. తీగ, కొంచెం పక్కకు నొక్కితే చాలు, పింగాణీ లోపల పగులుతుంది, పైకి ఏమీ కనిపించదు. అలా పగిలిన ప్లగ్గు లోడ్ మీదే మిస్ కొడుతుంది. అప్పుడు వెతుకుతున్న జబ్బుకు పరీక్షే ఇంకో జబ్బు తగిలిస్తుంది.

మిస్ పోతే అక్కడితో ఆగవద్దు. 0.7 మి.మీ. గ్యాప్‌తో పని జరిగిపోతుంది, నిజమే, కానీ ఇగ్నిషన్‌లో ఉన్న లోపం అలాగే ఉండిపోతుంది, ఎండాకాలంలో కాయిల్ వేడెక్కినప్పుడు మళ్ళీ బయటపడుతుంది. కాయిల్ ఎందుకు చాలడం లేదో చూడాలి.

ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ లేదు, రెండు కాయిళ్ళు ఉంటాయి. ఒక్కోటి ఒక ప్లగ్గు మీద నేరుగా కూర్చుంటుంది, దాని నుంచి ఒక లీడ్ బయలుదేరి జత సిలిండర్ ప్లగ్గుకు వెళ్తుంది. 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. రెండు ప్లగ్గులూ ఒకేసారి వెలుగుతాయి, ఒకటి కంప్రెషన్‌లో, రెండోది ఎగ్జాస్టులో వృథాగా. ఆర్‌పీఎమ్ పెరిగితే కాయిల్‌కు ఛార్జ్ అయ్యే టైమ్ చాలదని చాలామంది రాస్తుంటారు. పాత ఒంటి కాయిల్ డిస్ట్రిబ్యూటర్ బండికి అది నిజం. 6,500 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ కాయిల్‌కు స్పార్కుకూ స్పార్కుకూ మధ్య 4.6 మిల్లీసెకండ్లే దొరుకుతాయి. మీ బండిలో ఒక్కో కాయిల్ క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఒకసారే కొట్టాలి, అంటే అదే 6,500 దగ్గర 9.2 మిల్లీసెకండ్లు. మూడు మిల్లీసెకండ్లలో నిండే కాయిల్‌కు ఇది కావలసినంత. మీకు కొరత టైమ్‌ది కాదు, కాయిల్ దాకా చేరే వోల్టేజీది అయి ఉండాలి.

దాన్ని కొలవడం సులువు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకో కొన కాయిల్ పాజిటివ్ వైరు మీద పెట్టి ఇంజిన్ నడుస్తుండగా ఎంత తేడా వస్తుందో చూడండి. తర్వాత బ్యాటరీ నెగటివ్‌కూ కాయిల్ ఎర్తుకూ, ఆపై బ్యాటరీ నెగటివ్‌కూ సిలిండర్ హెడ్డుకూ మధ్య చూడండి. హెడ్‌లైట్లు, బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ అన్నీ వేసి చూడాలి, ఊరికే చూస్తే ఏమీ కనిపించదు. రెండు వైపులా కలిపి అర వోల్టు లోపు ఉంటే సరే. అర వోల్టు ఎంతలే అనుకోకండి. డ్వెల్ (కాయిల్ ఛార్జ్ అయ్యే టైమ్) మారకుండా కాయిల్‌కు 14 వోల్టుల బదులు 12 అందితే దాని కరెంటు ఆ మేరకు పడిపోతుంది, ఎనర్జీ కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు పావు వంతు ఆవిరి. ఈసీయూ వోల్టేజీ చూసి డ్వెల్ పెంచి సర్దుతుంది, కానీ అది కొలిచేది తన దగ్గరికి వచ్చిన వోల్టేజీని, కాయిల్ దగ్గర ఉన్నదాన్ని కాదు.

నాకు ఈ పాఠం ఒక జిప్సీ నేర్పింది. అదే ఇంజిన్, ర్యాలీకి తయారుచేసింది. మీలాగే పైన మిస్, అదీ అరగంట నడిచి వేడెక్కాకే. మూడు సెట్ల ప్లగ్గులు మార్చాను. ఇంజెక్టర్లు తీసి క్లీన్ చేయించాను. ఓనర్‌కు ముఖం చూపించలేని పరిస్థితి. రెండో వారం రాత్రి విసుగొచ్చి మీటర్ పెడితే హెడ్డుకూ బ్యాటరీకీ మధ్య 0.9 వోల్టు చూపించింది. ఇంజిన్ దించినప్పుడు ఇంజిన్ బే అంతా కొత్తగా పెయింట్ వేయించారు, బాడీ ఎర్త్ బోల్టు కింద కూడా పెయింట్ నున్నగా, అందంగా పడింది. బోల్టు పీకి, కింద అర్ధ రూపాయి బిళ్ళంత మేర ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించాను. పది నిమిషాల పని. అప్పటినుంచి ఏ బండి వచ్చినా, ముఖ్యంగా ఇంజిన్ దించి ఎక్కించిన బండి అయితే, మొదట చూసేది ఎర్త్. మీ హెడ్డు కూడా ఈ మధ్యే దిగి ఎక్కింది కదా. ఎర్త్ స్ట్రాప్ తిరిగి బిగించారా, లేక మూలన వేలాడుతోందా చూడండి.

ఆ బయట కొన్న కాయిల్ తీసి మీ పాతది పెట్టేయండి. ఆకారం, సాకెట్ సరిపోయినంత మాత్రాన లోపలి చుట్లు అవే ఉంటాయని లేదు. రెండు తెలియని విషయాలు ఒకేసారి బండిలో ఉంటే ఏ పరీక్షకూ అర్థం ఉండదు.

తర్వాత లీడ్లు, బూట్లు. రాత్రిపూట చీకట్లో బానెట్ తెరిచి, పూల మొక్కలకు కొట్టే సీసాతో లీడ్ల మీద సన్నగా నీళ్ళు చల్లి ఎక్కడైనా నీలం మెరుపులు కనిపిస్తాయేమో చూడండి. చేతులు దూరంగా పెట్టుకోండి. ప్లగ్గు గుంతల్లో నూనె చేరిందేమో చూడండి, వాల్వ్ కవర్ సీళ్ళు పాతబడితే చేరుతుంది, నూనెలో నానిన రబ్బరు బూటు ఉబ్బి మెత్తబడుతుంది. రెండు లీడ్లూ మీటర్‌తో కొలవండి. ఒకటి రెండోదానికంటే చాలా ఎక్కువ ఓమ్‌లు చూపిస్తే, వంచినప్పుడు రీడింగ్ ఎగిరితే, రెండూ మార్చేయండి.

ప్లగ్గు తీసి పింగాణీని ఎండలో పట్టుకుని తిప్పి చూడండి. పై నుంచి కింది ఇనుప భాగం దాకా పెన్సిల్‌తో గీసినట్టు, వెంట్రుక మందాన నల్లగీత ఉంటే స్పార్క్ లోపల దూకకుండా బయట జారిపోతోందన్నమాట. బూటు లోపలి గోడ మీద కూడా దానికి జోడీ గీత ఉంటుంది, వేలు దూర్చి తిప్పితే మసి అంటుకుంటుంది. పైన వాయిదా వేసిన మాట ఇదే. ఒకసారి కార్బన్ గీత పడ్డాక కరెంటుకు అదే దగ్గరి దారి. గ్యాప్ 0.7 చేసినా అటే పోతుంది, పరీక్ష తప్పుడు జవాబిస్తుంది. గీత కనిపిస్తే ప్లగ్గూ బూటూ రెండూ కలిపి మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

అదే పింగాణీ మీద, ఇనుప అంచుకు పైన, గోధుమ రంగు ఉంగరం లాంటి మరక కనిపిస్తే కంగారు పడకండి. హై వోల్టేజీ చుట్టూ ఉన్న నూనె తుంపర్లను లాక్కుని అంటించుకున్న మరక అది. గ్యాస్ లీకవుతోందని చెప్పి దాన్ని చూపించి ప్లగ్గులు అమ్మేవాళ్ళున్నారు.

జత కాయిళ్ళలో ఇంకో తిరకాసు ఉంది. జతలో ఒక ప్లగ్గుకు స్పార్క్ మధ్య పిన్ను నుంచి కొమ్ముకు దూకుతుంది, రెండోదానికి తిరగబడి కొమ్ము నుంచి పిన్నుకు. వేడిగా, సన్నగా ఉన్న పిన్ను నుంచి బయలుదేరడం సులువు, చల్లటి వెడల్పాటి కొమ్ము నుంచి బయలుదేరడం కష్టం, దానికి వోల్టేజీ ఎక్కువ కావాలి. అందువల్ల తిరగబడిన రెండు సిలిండర్లలో కొమ్ము ముందు అరుగుతుంది, మిస్ కూడా ముందు అక్కడే మొదలవుతుంది. మామూలు ఇరిడియం ప్లగ్గులో ఖరీదైన లోహం పిన్ను కొన మీదే ఉంటుంది, కొమ్ము నికెలే. రెండు వైపులా ఖరీదైన లోహం ఉన్న ప్లగ్గులు వేరే వస్తాయి, జత కాయిళ్ళకు సరిపోయేవి అవి. మీరు కొన్న ఇరిడియం వల్ల సగం ప్లగ్గులకే పూర్తి లాభం. అందుకని ప్లగ్గులు తీసినప్పుడల్లా ఏది ఏ సిలిండర్దో రాసిపెట్టుకోండి, ఒకదాని స్థానంలో ఒకటి వేయకండి. నాలుగూ గిన్నెలో వేసి కలిపేస్తే అవి చెప్పబోయే సాక్ష్యం పోతుంది.

ఇక పెట్రోల్ వైపు. మీ దగ్గర వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంది, మిస్ అయినప్పుడు లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) చూపిస్తోంది, అందుకని పిగ్గీబ్యాక్‌లో పెట్రోల్ పెంచాం అన్నారు. ఇక్కడే చాలామంది పడిపోతారు. వైడ్‌బ్యాండ్ కొలిచేది ఆక్సిజన్‌ను. ప్లగ్గు వెలగకపోతే ఆ సిలిండర్లోని ఆక్సిజన్ ఖర్చు కాకుండా అలాగే బయటికి వచ్చి సెన్సర్‌కు తగులుతుంది. సెన్సర్ దాన్ని లీన్ అంటుంది. నిజానికి మిశ్రమం సరిగానే ఉండొచ్చు. మీరు పెట్రోల్ పెంచారు, ప్లగ్గు తడిసింది, మసి పట్టింది, మిస్ ఇంకా పెరిగింది, రీడింగ్ ఇంకా లీన్ అయింది, మళ్ళీ పెంచారు. మిస్ మొదలవడానికి ముందు, 5,400, 5,600 దగ్గర ఉన్న రీడింగ్‌ను నమ్మండి. మిస్ అవుతున్నప్పటి రీడింగ్‌ను చెత్తబుట్టలో వేయండి. పిగ్గీబ్యాక్ సెట్టింగ్ మిస్‌కు ముందున్న మ్యాప్‌కు తిప్పేయండి.

అలాగని పెట్రోల్ నిర్దోషి అనడం లేదు. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది చాలావరకు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ లేని పెట్రోల్‌కు గాలి 14.7 పాళ్ళు చాలు, ఈ10కు 14.1 దగ్గర, ఈ20కు 13.5 దగ్గర. ఫుల్ థ్రాటిల్‌లో ఈ పాత ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు, టేబుల్లో ఉన్నంతే పోస్తుంది. ఈ10 మీద సెట్ చేసిన బండిలో ఈ20 పోస్తే ఏ స్క్రూ కదపకుండానే 4 శాతం లీన్ అవుతుంది. దానికే మిస్ రాదు గానీ, ఇప్పటికే అంచు మీదున్న ఇంజిన్‌ను అవతలికి తోస్తుంది. ఫ్యూయల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? పంపు ఒరిజినలేనా? ఫుల్ లోడ్‌లో ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోందా లేదా ఒకసారి గేజి పెట్టి చూడండి. పడకపోతే ఆ వైపు తలుపు మూసేయొచ్చు.

ఆక్టేన్ బూస్టర్ పోస్తున్నారా? మీ పోస్టులో లేదు గానీ, కంప్రెషన్ పెంచినవాళ్ళు పోస్తుంటారు కాబట్టి అడుగుతున్నాను. ఫెర్రోసీన్ ఉన్న బూస్టర్లు ప్లగ్గు పింగాణీ మీద ఇటుక రంగు పొర వేస్తాయి. అది ఐరన్ ఆక్సైడ్. చల్లగా ఉన్నప్పుడు ఏమీ అనదు, ప్లగ్గు బాగా కాలాక కరెంటును తనలోంచి పోనిస్తుంది. న్యూట్రల్‌లో బాగుండి ఫుల్ లోడ్‌లో తెగడానికి ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఉండదు. మీ పాత ప్లగ్గుల ముక్కు ఎర్రగా ఉంటే బూస్టర్ ఆపేసి కొత్త ప్లగ్గులు వేయండి. బ్రష్‌తో రుద్దితే పోదు.

సరే, చివరికి ఏ నంబరు. ఎన్‌జీకేలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా హెడ్డులోకి వదిలేస్తుంది. డెన్సోలో కూడా అంతే, 20, 22, 24 అంటే వీళ్ళ 6, 7, 8. బాష్‌లో లెక్క తిరగబడుతుంది, నంబరు పెరిగితే వేడి ప్లగ్గు. ఇది తెలియక బాష్‌లో పెద్ద నంబరు తెచ్చుకుని పిస్టన్ కాల్చుకున్నవాళ్ళ కథలు విన్నాను. ఒక నంబరు మారితే ప్లగ్గు కొన దగ్గర సుమారు 70 నుంచి 100 డిగ్రీలు తేడా వస్తుంది. ఆ కొన 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే మసి కాలి శుభ్రపడుతుంది, 800 దాటి పోతే స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని తనే అంటించే ప్రమాదం మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య ఉండేలా ఎంచుకోవాలి, అంతే.

మీ ఇంజిన్‌కు టర్బో లేదు, పెరిగిన పవర్ మహా అయితే పది, పదిహేను హార్స్‌పవర్. ఊళ్ళో తిరిగే బండికి 6 సరిపోతుంది. రోజూ విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పాకే బండిలో 8 వేస్తే నెల తిరక్కుండా మసి పట్టి, కింది ఆర్‌పీఎమ్‌లో మిస్ మొదలవుతుంది. అప్పుడు పైనా మిస్, కిందా మిస్. ట్రాక్ డేకు వెళ్ళి పావుగంటసేపు ఫుల్ థ్రాటిల్‌లోనే ఉంటారనుకుంటే బీకేఆర్7ఈ వేసుకోండి, ఇంటికొచ్చాక 6కు మార్చేయండి. చివర "-11" లేని బీకేఆర్7ఈ 0.8 మి.మీ. దగ్గర వస్తుంది, మీకు దాదాపు కావలసిన గ్యాప్ అదే. నికెల్ ప్లగ్గు చవక, అరిగితే పారేయొచ్చు, గ్యాప్ భయం లేకుండా మార్చుకోవచ్చు. సెట్టింగ్ తేలేదాకా నికెల్, తేలాక కావాలంటే ఖరీదైనది.

7 అవసరమో కాదో ప్లగ్గునే అడగండి. కొత్త ప్లగ్గులతో ఒక మంచి ఫుల్ థ్రాటిల్ పుల్ తీసి, పైన ఉండగానే క్లచ్ తొక్కి, ఇంజిన్ ఆపి, బండిని దొర్లించి ఆపి ప్లగ్గులు తీయండి. ట్రాక్ మీద మాత్రమే, ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్, పవర్ స్టీరింగ్ సాయం కూడా పోతుంది. పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య వెండిలా మెరిసే అణువులు కనిపిస్తే నాకింగ్ పిస్టన్ అల్యూమినియంను పీకుతోంది. అప్పుడు ప్లగ్గు సంగతి తర్వాత, ముందు టైమింగ్ తగ్గించాలి, మిశ్రమం చూడాలి. పింగాణీ తెల్లగా సున్నం కొట్టినట్టు, బుడగలు లేచినట్టు ఉంటే ప్లగ్గు వేడెక్కుతోంది, 7 వేయండి. రంగును మాత్రం పట్టించుకోకండి. కాఫీ రంగు వస్తే సరి అన్న పాత సూత్రం కార్బురేటర్ల కాలానిది, ఇప్పటి పెట్రోల్‌తో మంచి ప్లగ్గు కూడా దాదాపు తెల్లగానే ఉంటుంది.

కోడ్‌లో "ఆర్" లేని ప్లగ్గులు ఎవరైనా రేసింగ్ ప్లగ్గులని అమ్మితే తీసుకోకండి. ఆ ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. అది లేకపోతే స్పార్క్ చేసే గోలకు పిగ్గీబ్యాక్, క్రాంక్ సెన్సర్ రెండూ బెదిరిపోతాయి, ఇప్పుడున్న మిస్‌కు తోడు కొత్త మిస్ వస్తుంది.

బిగించడం సంగతి కూడా తేలిక కాదు. 14 మి.మీ. మర, అల్యూమినియం హెడ్డు, 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకపోతే చేత్తో ఆగేదాకా తిప్పి, కొత్త వాషర్ అయితే ఆపైన అర చుట్టు. మరకు గ్రీజు రాయకండి, రాస్తే అదే టార్క్‌కు ఎక్కువ బిగుస్తుంది. వదులుగా ఉన్నా తప్పే. ప్లగ్గు వేడి వాషరు, మరల గుండానే హెడ్డులోకి వెళ్ళాలి. సరిగ్గా కూర్చోని 7వ నంబరు, బిగిసిన 6 కంటే వేడిగా నడుస్తుంది. ఇంకోటి, మార్కెట్లో నకిలీ ఎన్‌జీకేలు బోలెడు. పింగాణీ మీద అక్షరాలు గోరుతో గీకితే రాలడం, కొమ్ము పిన్నుకు సూటిగా లేకపోవడం, వాషర్ వదులుగా జారిపడటం కనిపిస్తే షాపు మార్చండి.

ముందు పాత కాయిల్ పెట్టండి, ఎర్తులు గీకి బిగించండి, బూట్లు చూడండి, మ్యాప్ వెనక్కి తిప్పండి. ఆ తర్వాతే 0.7 మి.మీ. నికెల్ ప్లగ్గులతో పరీక్ష. మిస్ పోతే 0.8, 0.9 అంటూ మెట్టుమెట్టుగా పెంచి, మళ్ళీ ఎక్కడ మొదలవుతుందో చూసి, అక్కడి నుంచి 0.1 తగ్గించి ఉంచుకోండి. పోకపోతే ఏ ఆర్‌పీఎమ్ దగ్గర తెగుతోందో, బ్యాటరీకీ హెడ్డుకూ మధ్య ఎంత వోల్టేజీ తేడా చూపించిందో, నాలుగు ప్లగ్గులనూ సిలిండర్ వరసలో పెట్టి తీసిన ఫోటో, ఫ్యూయల్ ప్రెషర్ రీడింగ్, ఇవన్నీ ఇక్కడ పెట్టండి. ఫోటో పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ పడితే పింగాణీ రంగు ఏమీ తెలియదు.